కనిగిరి రాతిలో 780 అడుగులు: బోరు లోపలి వేడి కొలిచిన ప్రాజెక్టు డైరీ

ఎండిపోయిన బోరును పూడ్చేసే ముందు దాన్ని థర్మామీటరులా వాడుకోవచ్చు. లోతుకు పోయేకొద్దీ రాతి వేడి ఎంత పెరుగుతోందో తెలిస్తే, భూగర్భ వేడితో కరెంటు తీయడానికి మన దగ్గర ఎంత లోతు దిగాలో ఒక అంచనా వస్తుంది. స్థలం ఆంధ్రప్రదేశ్‌లో, కనిగిరి నుంచి పామూరు వెళ్లే దారిలో మా బావ వాళ్ల బత్తాయి తోట. బోరు వేయించింది నీళ్ల కోసమే. నేను పక్కన ఫోను స్టాప్‌వాచీ, నోటు పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. ఇదే పని ఇంకెవరైనా చేయాలనుకుంటే ఎక్కడ డబ్బు పోతుందో, ఎక్కడ రీడింగు అబద్ధం చెబుతుందో తెలియాలని ఇది రాస్తున్నాను.

దశ 1: బండి పని

వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి తీసుకున్నాకే బోరు బండిని పిలిచాం. బండి తమిళనాడులోని తిరుచెంగోడుది. కంప్రెసర్ 1100 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి), ఒత్తిడి 300 పీఎస్‌ఐ. రాడ్డు చివర హ్యామర్, దాని కింద ఆరున్నర అంగుళాల బిట్టు, బిట్టు ముఖం మీద టంగ్‌స్టన్ కార్బైడ్ గుండీలు. గాలి హ్యామర్‌ని కొడుతుంది, గుండీలు రాతిని నలగ్గొడతాయి, అదే గాలి పొడిని పైకి తోస్తుంది. ఈ మూడింటిలో మూడోది ఆగితే మొదటి రెండూ దండగ.

రాడ్డు 20 అడుగులు. ఒక్కో రాడ్డుకు పట్టిన సమయం ఇలా వచ్చింది:

- 0–40 అడుగులు: ఎర్రమట్టి, మొరం. కేసింగ్ దింపారు.
- 40–300: రాడ్డుకు 9 నుంచి 10 నిమిషాలు.
- 300–500: 12 నిమిషాలు.
- 500–520: దాదాపు 20.
- 520–660: 17, 18.
- 660 దగ్గర బిట్టు మార్చారు. అక్కడి నుంచి 780 దాకా 14.

500 దాటాక ఏం జరిగిందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ డైరీలో పనికొచ్చే సంగతి అక్కడే ఉంది. అప్పటిదాకా తెల్లటి పొడి పొగలా లేచేది. 515 దగ్గర రాతిలో ఒక చిన్న గ్యాప్ (పగులు) తగిలింది. నీళ్లు వచ్చాయని బావ ముఖం వెలిగింది గానీ అది చెమ్మ మాత్రమే. పొడిని కొట్టుకుపోయేలా చేసేంత నీరు కాదు, పొడిని ముద్ద చేసేంత నీరు. ఆ ముద్ద గోడకు అంటుకుని రాడ్ల చుట్టూ కాలర్‌లా కట్టింది. పైన దుమ్ము ఆగిపోయింది, గేజీలో ప్రెషర్ ఎక్కుతోంది, రాడ్డు తిరగడానికి మొరాయిస్తోంది.

"దుమ్ము ఆగితే కొట్టడం ఆపాలి సార్, ఇంకా కొడితే హ్యామర్ అక్కడే సమాధి" అన్నాడు బండి ఆపరేటర్, తమిళం కలిసిన తెలుగులో. చేసింది ఇది:

1. హ్యామర్‌ని అడుగు నుంచి నాలుగైదు అడుగులు పైకి లేపి, కొట్టడం ఆపి గాలి మాత్రం వదిలారు.
2. గాలి లైనులోకి నీళ్లు, నురుగు వచ్చే సబ్బు ద్రావణం ఎక్కించారు.
3. రాడ్లు మెల్లగా తిప్పుతూ పైకీ కిందికీ ఆడించారు. బూడిద రంగు నురుగు బయటికి రావడం మొదలైంది.
4. నురుగు పలచబడి రంగు తేలేదాకా ఆగి, అప్పుడు మళ్లీ కొట్టారు.

అక్కడి నుంచి చివరిదాకా సబ్బు నీళ్లతోనే నడిచింది. వేగం తగ్గిందని బావ గొణిగాడు గానీ, ఇరుక్కుపోయిన హ్యామర్ ఖరీదు వింటే ఆ గొణుగుడు ఆగుతుంది.

లెక్క చూస్తే గాలి చాలాల్సిందే. 165 మిల్లీమీటర్ల రంధ్రంలో 114 మిల్లీమీటర్ల రాడ్డు పోగా మిగిలే సందులో 1100 సీఎఫ్‌ఎం గాలి సెకనుకు సుమారు 46 మీటర్ల వేగంతో లేవాలి. తడి లేని రాతిపొడి పైకి రావడానికి 15 నుంచి 25 ఉంటే సరిపోతుంది. అంటే గాలికి కొదవ లేదు, చెమ్మే ఆట మార్చింది.

660 దగ్గర తీసిన బిట్టు చూస్తే గుండీలు గుండ్రం పోయి బల్లపరుపు అయ్యాయి. అంచు గుండీలు మరీ అరిగాయి. బిట్టు మార్చడమంటే 33 రాడ్లూ ఒక్కొక్కటిగా విప్పి పైకి లాగి, మళ్లీ ఒక్కొక్కటిగా బిగించి దింపడం. దానికే రెండు గంటలకు దగ్గర పట్టింది.

ఇప్పటిదాకా మొత్తం:

- లోతు: 780 అడుగులు, అంటే దాదాపు 238 మీటర్లు.
- రాయి కొట్టిన సమయం: ఎనిమిది గంటలకు కాస్త తక్కువ.
- బండి చేలో ఉన్న సమయం: పదిహేనున్నర గంటలు.
- ఖర్చు: తవ్వకం 1,06,800, కేసింగ్ 16,000. మొత్తం 1,22,800 రూపాయలు.

300 అడుగుల దాకా ఒక రేటు, ఆపైన ప్రతి వంద అడుగులకూ రేటు ఎక్కుతుంది కాబట్టి చివరి 80 అడుగులకే 14,800 అయింది. నీళ్లు మాత్రం పంపు దింపేంత లేవు.

పైన రాసిన రెండు సమయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. సగం సమయం రాతి మీద పోలేదు. పొడి బయటికి తేవడం, రాడ్లు విప్పడం, బిగించడం, ఇరుక్కున్నది విడిపించడం మీద పోయింది. భూగర్భ వేడి కోసం తవ్వే ఆరు కిలోమీటర్ల బావిలో ఆ రెండో సగమే పెరిగిపోతుంది. ఫిన్లండ్‌లో ఎస్పూ నగరంలోని ఓటనియెమిలో వేడి నీటి కోసం గట్టి రాతిలో 6.4 కిలోమీటర్ల బావి తవ్వారు. పై భాగంలో వాడింది ఈ జాతి గాలి హ్యామరే. ఇంకా లోతుకు పోయాక గాలి సరిపోక ద్రవంతో నడిచే పద్ధతులకు మారారు. అడుగున వేడి సుమారు 120 డిగ్రీలు. అంతా అయ్యాక రాతిలో నీళ్లు చాలినంత పారడం లేదని 2022లో ప్రాజెక్టు ఆపేశారు. రాయి ఓడింది గానీ నీళ్లు కదల్లేదు. మా బావ బాధ కూడా అదే, కాకపోతే లోతు తక్కువ.

దశ 2: లోపలికి దించే సెన్సర్

బోరు వేసిన వెంటనే కొలవకూడదు. గాలి, నీళ్లు, రాపిడి కలిసి గోడ వేడిని చెడగొడతాయి. కొన్ని వారాలు వదిలేశాం, పైన ఇనుప మూత వేసి బోల్టులు బిగించి. మూత లేని బోరు పసిపిల్లలకు యముడు. ఈ డైరీ చూసి ఎవరైనా బోరు తెరిచి పెట్టేటట్టయితే దయచేసి ఈ పని మొదలుపెట్టొద్దు.

*మొదటి సెన్సర్: డీఎస్18బీ20.* వేడి కొలిచే చిన్న చిప్. దొరికేది చవగ్గా, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు మూడు తీగలతో కలుస్తుంది. కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ చివర కట్టి దించాం. పైన బల్ల మీద బాగానే పనిచేసింది. పూర్తి పొడవు కేబుల్‌తో లోపలికి దిగాక ఒక్కసారిగా 85 డిగ్రీలు చూపించింది.

"ఒరేయ్, నీళ్లు లేకపోతే పోయె, ఆవిరి దొరికింది!" అని బావ కేక.

అది ఆవిరి కాదు. ఆ చిప్‌కు కరెంటు అందగానే దాని మెమరీలో ముందుగా ఉండే అంకె 85. కొలత పూర్తి కాకముందే చదివితే, లేదా పొడవాటి తీగలో వోల్టేజీ పడిపోయి చిప్ మళ్లీ మొదలైతే అదే వస్తుంది. తీగ తెగితే ఆర్డుయినో ప్రోగ్రాం లైబ్రరీలు మామూలుగా మైనస్ 127 చూపిస్తాయి. ఈ రెండు అంకెలు ఎక్కడ కనిపించినా కొట్టేయండి. రెసిస్టరు మార్చి, విడిగా కరెంటు ఇచ్చి చూశాం, కొంత నయమైంది గానీ నమ్మకం కుదరలేదు. పైగా దాని కచ్చితత్వం సగం డిగ్రీ. ఇక్కడ మొత్తం బోరులో వచ్చే తేడాయే నాలుగు డిగ్రీల లోపు.

ఖర్చు ఇక్కడికి: 4,900.

*రెండో సెన్సర్: 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ థర్మిస్టర్.* వేడి పెరిగితే దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చిప్ లేదు, ప్రోగ్రాం లేదు. మల్టీమీటరుతో రెసిస్టెన్స్ చూడటమే. 33 డిగ్రీల దగ్గర దాని విలువ సుమారు 7,070 ఓమ్‌లు; ఒక్క డిగ్రీ మారితే దాదాపు 300 ఓమ్‌లు మారుతుంది. మీటరు 20 కిలో ఓమ్‌ల రేంజిలో చివరి అంకె 10 ఓమ్‌లు, అంటే 0.03 డిగ్రీ. అరచదరపు మిల్లీమీటరు రాగి తీగ 240 మీటర్లు పోయి రావడానికి 18 ఓమ్‌లు కలుస్తాయి. అది 0.06 డిగ్రీ, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి తీసేయొచ్చు.

దీన్ని రాగి గొట్టంలో పెట్టి, చివర హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) వేసి దించాం. కిందికి పోయేకొద్దీ వేడి చక్కగా పెరిగింది. మరీ చక్కగా పెరిగింది. 200 మీటర్ల దగ్గర 41 డిగ్రీలు! పైకి లాగి బకెట్ నీళ్లలో పెడితే కూడా 36 దగ్గరే ఉంది, బకెట్లో నీళ్లు 29. స్లీవ్ కోసి చూస్తే లోపల తడి. నీటిమట్టం కింద ప్రతి పది మీటర్లకూ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది. 14 బార్ల దగ్గర స్లీవ్ కారింది. దీంట్లో మోసం ఏమిటంటే, తడి చేరితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఎన్‌టీసీలో రెసిస్టెన్స్ తగ్గడమంటే వేడి పెరగడం. కారుతున్న సెన్సర్ లోతుకు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ కారుతుంది, కాబట్టి గ్రాఫు అచ్చం భూమి వేడిలాగే కనిపిస్తుంది. అందుకే దించేముందూ, తీసిన వెంటనే కూడా ఒకే బకెట్ నీళ్లలో రీడింగు చూడాలి. రెండూ కలవకపోతే ఆ రోజు కొలతలన్నీ చెత్తబుట్టకే.

*మూడో రూపం.* మోటార్లు దించే మెకానిక్ బాబాయ్ చూసి, "నీళ్లు రాకుండా ఆపాలని చూస్తున్నావు, ముందే లోపల నింపెయ్ అబ్బాయ్" అన్నాడు. అలాగే చేశాం:

1. రాగి గొట్టం నిండా ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోసి, గాలి బుడగ లేకుండా మెత్తటి రబ్బరు గొట్టంతో మూశాం. బయట ఒత్తిడి పెరిగితే రబ్బరు కొంచెం నొక్కుకుంటుంది, లోపలా బయటా సమానమైపోతుంది.
2. తీగల అతుకులకు సబ్‌మెర్సిబుల్ మోటారు కేబుల్ జాయింటు కిట్ వాడాం.
3. ప్లంబర్లు పైపులు పరీక్షించే చేతి పంపుతో 30 బార్లు ఎక్కించి రాత్రంతా ఉంచాం. రీడింగు కదల్లేదు.
4. గోరువెచ్చని నీళ్లలో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు పక్కన పెట్టి 35 నుంచి 40 డిగ్రీల మధ్య సరిచూశాం. కరుగుతున్న మంచు నీళ్లలో సున్నా చూశాం.

ఖర్చు ఇక్కడికి: 9,450.

దశ 3: లోతు కొలత

మొదట నైలాన్ తాడుకు ముడులు వేసి దించాం. తడిసి, బరువు వేలాడాక అది సాగింది. తర్వాత ఉక్కు తీగతో పోల్చితే 700 అడుగుల ముడి నిజానికి 720 దగ్గర ఉంది. రెండు మిల్లీమీటర్ల స్టీలు వైరు రోపు కొని, పాత సైకిల్ రిమ్ము మీదుగా వదిలాం. రిమ్ము ఒక చుట్టుకు 1.95 మీటర్లు. చుట్లు లెక్కపెట్టడానికి చువ్వకు ఎర్ర గుడ్డ కట్టాం. ఖర్చు 3,450, మొత్తం 12,900.

అద్దంతో ఎండను బోరులోకి కొట్టి చూస్తే 90 అడుగుల తర్వాత వెలుగు ఒక గోడకే పోతోంది. బోరు వంకర తిరిగిందన్న మాట. ఈ లోతుకు దానివల్ల పెద్ద తేడా రాదు గానీ వైరు గోడకు రాసుకునే చోట టేపు చిరుగుతుంది, చూసుకోవాలి.

కొలిచే పద్ధతి:

1. దించుతూనే కొలవాలి, లాగుతూ కాదు. లాగితే నీళ్లు కలిసిపోతాయి.
2. ప్రతి 20 మీటర్లకూ ఆగి, రీడింగు నిలబడేదాకా పది నిమిషాలు.
3. పొలాలకు పగలు తొమ్మిది గంటల కరెంటు ఉన్నప్పుడు కొలవొద్దు. పక్క చేలో మోటారు ఆడితే మా బోరులో నీటిమట్టం కదులుతోంది, గ్యాప్ దగ్గర 0.1 డిగ్రీ తేడా వస్తోంది. కరెంటు పోయిన చాలాసేపటికి, రాత్రిళ్లు కొలిచాం.

నీటిమట్టం 64 మీటర్లు. దాని పైన గాలిలో తీసినవి వదిలేశాను. నిలకడగా వచ్చిన అంకెలు:

- 80 మీటర్లు: 30.9
- 100: 31.1
- 120: 31.5
- 140: 31.9
- 160: 32.2
- 180: 32.6
- 200: 33.0
- 220: 33.4

228 దగ్గర బరువు ఆగిపోయింది. పైకి రాని పొడి అంతా అడుగున కూర్చుంది, కొనుక్కున్న లోతులో 30 అడుగులు దానికే పోయాయి.

100 నుంచి 220 దాకా 120 మీటర్లలో 2.3 డిగ్రీలు. కిలోమీటరుకు 19. ప్రపంచంలో ఖండాల మీద మామూలుగా చెప్పే లెక్క 25 నుంచి 30. మన దక్షిణాది రాయి పాతది, చల్లబడినది. కోలార్ బంగారు గనుల్లో మూడు కిలోమీటర్లు దాటినా రాతి వేడి 70 డిగ్రీల లోపే. దాంతో పోలిస్తే ఇక్కడ కాస్త ఎక్కువే. కనిగిరి గ్రానైటులో యురేనియం, థోరియం పాలు ఎక్కువని భూగర్భ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నదే. వాటి క్షయం నుంచి పుట్టే వేడి కొంత దీనికి కలిసి ఉండొచ్చు. ఒక్క బోరుతో అంతకు మించి అనకూడదు.

కరెంటు తీయడానికి 150 డిగ్రీలు కావాలనుకుంటే, ఇదే గీత తిన్నగా పొడిగిస్తే 6.3 కిలోమీటర్లు. అంటే 20 వేల అడుగుల పైమాట. గీత తిన్నగా పోతుందని హామీ లేదు. వేడి పుట్టించే మూలకాలు పై పొరల్లోనే ఎక్కువ ఉంటే లోతుకు పోయేకొద్దీ పెరుగుదల మందగిస్తుంది. రష్యాలో కోలా బావి దీనికి తిరగబడింది: 12,262 మీటర్ల దగ్గర 100 డిగ్రీలు ఉంటాయని అంచనా వేస్తే 180 వచ్చాయి, తవ్వకం ముందుకు సాగలేదు. అందుకే 220 మీటర్ల కొలతతో ఆరు కిలోమీటర్ల మాట చెప్పేవాళ్లను, నాతో సహా, సగమే నమ్మండి.

దశ 4: ఓవెన్ పరీక్ష

మా బోరు అడుగున 200 డిగ్రీలు ఉండి ఉంటే ఏం మిగిలేది? ఇంట్లో కేకులు చేసే ఓటీజీ ఓవెన్ 250 దాకా పోతుంది. (ఇంటావిడ అనుమతి వాల్టా అనుమతి కంటే కష్టం.) సామానంతా ట్రేలో పెట్టి మెట్టుమెట్టుగా వేడి పెంచాం.

- 80 డిగ్రీలు: ఇన్సులేషన్ టేపు జిగురు కారింది. పీవీసీ తీగ మెత్తబడింది.
- 120: పీవీసీ తొడుగు నొక్కితే వేలి గుర్తు పడుతోంది. ఈ కేబుల్ పని ఇక్కడితో సరి.
- 150: మామూలు నైట్రైల్ రబ్బరు రింగు కొన్ని గంటల్లో గట్టిపడి, వంచితే పగిలింది. వేడిని తట్టుకునే వైటన్ రబ్బరు రింగు బాగానే ఉంది.
- 190: సోల్డర్ కరిగి థర్మిస్టర్ ఊడిపోయింది. సీసం, తగరం కలిసిన సోల్డర్ 183 దగ్గరే కరగడం మొదలవుతుంది.

రాతి ముక్కను కూడా 200కి వేడి చేసి, 8 మిల్లీమీటర్ల కార్బైడ్ బిట్టుతో హ్యామర్ డ్రిల్ పెట్టి చూశాం. చల్లటి ముక్కకూ వేడి ముక్కకూ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వేడి ముక్క మీద నీళ్లు పోసి, ఆరాక సిరా పూస్తే సన్నటి పగుళ్లు కనిపించాయి. చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి ముక్కతో ఈ పరీక్ష చేయొద్దు, అందులో క్వార్ట్జ్ పెద్దగా ఉండదు, ఫలితం వేరుగా వస్తుంది. బోరు పొడిలో వచ్చిన కనిగిరి రాయిలాంటిదే వెతుక్కోండి. అడుగున ఉండే ఒత్తిడి ఓవెన్‌లో రాదు కాబట్టి లోతులో రాయి ఇంకా మొండిగా ఉంటుందన్నది ఈ పరీక్ష చూపించదు. ఈ దశకు ఖర్చు 350, మొత్తం 13,250.

వేడికి ముందు ఓడేది రాయీ కాదు, బిట్టూ కాదు. రబ్బరు, తీగ, అతుకు, సిమెంటు. పెద్ద బావుల్లో జరిగేదీ ఇదే. లోపలికి దించే కొలత పరికరాల్లో మామూలు రకాలు 150 నుంచి 175 డిగ్రీల దగ్గర చేతులెత్తేస్తాయి, అందుకే చల్లటి ద్రవం ఆపకుండా తిప్పుతూ వాటిని కాపాడతారు. ఆ ద్రవం పగుళ్లలోకి పోయి తిరిగి రాకపోతే చల్లదనమూ పోతుంది, పొడీ పైకి రాదు. ఐస్‌లాండ్‌లో రేక్యానెస్ దగ్గర 2017లో 4,659 మీటర్లు చేరిన ఐడీడీపీ-2 బావిలో మూడు కిలోమీటర్ల కింద ద్రవమంతా రాతిలోకే పోయింది. పైకి పొడి రాకుండానే గుడ్డిగా తవ్వుకుంటూ పోయారు. అడుగున కొలిచింది 427 డిగ్రీలు. మా 515 అడుగుల చెమ్మకు ఆపరేటర్ పడ్డ టెన్షన్ గుర్తొస్తే, అక్కడ రిగ్గు మీద నిలబడ్డవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

కేసింగ్ సంగతి ఇంకోటి. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. కిలోమీటరు కేసింగ్ 200 డిగ్రీలు వేడెక్కితే 2.4 మీటర్లు సాగాలి. సిమెంటు పట్టి ఉంచితే సాగలేదు, ఆ బలమంతా గొట్టంలోనే నిలిచిపోయి ఎక్కడో ఒక చోట నలుగుతుంది. సిమెంటు కూడా 110 డిగ్రీలు దాటితే మెల్లగా బలం కోల్పోతుంది. అందుకే బరువులో మూడో వంతుకు పైగా మెత్తటి సిలికా పొడి కలుపుతారు. మా 40 అడుగుల పీవీసీ కేసింగ్‌కు ఈ బాధలేవీ లేవు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది అమెరికాలో యూటా రాష్ట్రం మిల్‌ఫర్డ్ దగ్గర భూగర్భ వేడి పరిశోధన కోసం తవ్విన ఫోర్జ్ బావి. 2020–21లో గ్రానైటులో వాలుగా 10,987 అడుగులు తవ్వారు, అడుగున సుమారు 228 డిగ్రీలు. అక్కడ హ్యామర్ కాదు, వజ్రపు పళ్ల పీడీసీ బిట్లు. బిట్టు మీద పెట్టిన శక్తిలో ఎంత రాయి పగలడానికి పోతోంది, ఎంత వణుకుడుకి పోతోంది అని తవ్వుతూనే లెక్క చూసి బరువు, తిప్పుడు మారుస్తూ వేగం పెంచారు. బిట్టు ఎక్కువ అడుగులు నిలిస్తే రాడ్లు విప్పే గంటలు తగ్గుతాయి. మా బండి మీద ఆ లెక్కకు పరికరం లేదు, ఆపరేటర్ చెవే ఉంది. హ్యామర్ శబ్దం బోలుగా మారిందని 640 దగ్గరే అన్నాడు, బిట్టు మార్చింది 660లో.

దశ 5: ఇప్పుడున్న స్థితి, మార్చబోయేవి

1. పీవీసీ తీగ బదులు టెఫ్లాన్ తొడుగు తీగ, కొంచెం పొడవే, అడుగు భాగానికి మాత్రం. ఇక్కడి వేడికి అవసరం లేదు. ఇదే సెన్సర్‌ను గోదావరి లోయలో మణుగూరు వైపు వేడి నీటి బోర్లకు పట్టుకెళ్లాలని ఉంది.
2. 160 మీటర్ల దగ్గర, అంటే ఆ గ్యాప్ ఉన్నచోట, ప్రతి రెండు మీటర్లకూ కొలవాలి. 140 నుంచి 160కి పెరుగుదల కొంచెం తగ్గింది, అక్కడ నీళ్లు పక్కకు కదులుతున్నాయేమో తేలాలి.
3. కనిగిరికి ఇంకోవైపు, గ్రానైటు కాని రాతిలో ఒక ఎండు బోరు కావాలి. ఒక రైతు ఒప్పుకున్నాడు, మూత తీసే ముందు ఆయన పెట్టిన షరతు: నీళ్లు ఉన్నాయో లేదో కూడా చెప్పాలి.
4. అడుగున కూరుకున్న పొడిని కంప్రెసర్‌తో ఊదించడానికి బండివాళ్లు 6,000 అడిగారు. ఆ 30 అడుగులకు అంత పెట్టడం లేదు.

సెన్సర్ 220 మీటర్ల దగ్గరే వేలాడదీసి, తీగ చివర మూతలోని రంధ్రం గుండా బయటికి తీసి పెట్టాం. చివరిగా చూసినప్పుడు మీటరులో 6.95 కిలో ఓమ్‌లు.